బదులు మనిషి

నూకరత్నం పదకొండేళ్లలో తన మొగుడి మేనత్తను నాలుగుసార్లు చంపింది. ఆ మేనత్త ఇప్పటికీ తన పల్లెలో అరుగు మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ నిక్షేపంలా ఉంది. ఆవిడ మీద నూకరత్నానికి కోపమేమీ లేదు. పనిలోకి వెళ్లకుండా ఒకరోజు ఆగాలంటే ఎవరో ఒకరు పోక తప్పదు. దగ్గరివాళ్లను చంపడానికి మనసొప్పదు. అందుకని కాస్త దూరపు చుట్టాన్ని ఎంచుకుంది.

నూకరత్నం పనిచేసే ఇంటి యజమానురాలు ప్రభావతి గారికి ఈ సంగతి రెండోసారికే తెలిసిపోయింది. అయినా ప్రతిసారీ "అయ్యో పాపం, ఎప్పుడు?" అని అడిగేది. "తెల్లారగట్లండి" అని నూకరత్నం కళ్లొత్తుకునేది. దీన్ని నాగా పెట్టడం అంటారు. ఇద్దరూ మర్యాద తెలిసినవాళ్లు కాబట్టి వ్యవహారం సాఫీగా సాగిపోతూ ఉండేది. సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి ఇంటిపని చేసేవాళ్ల మీద గౌరవం పుట్టుకొచ్చింది.

ప్రభుత్వానికి గౌరవం పుడితే దాన్ని ఉంచడానికి ఒక కార్యాలయం కావాలి. గోదావరి జిల్లాల్లో ఒక పట్నంలో (ఊరి పేరు చెప్పను, చెబితే వాళ్లు సంజాయిషీ అడుగుతారు) గృహ శ్రామిక గౌరవ పరిరక్షణ కార్యాలయం అని ఒకటి వెలిసింది. దానికి జాయింట్ డైరెక్టరుగా పురుషోత్తం గారు వచ్చారు. ఆయన చాలా మంచివారు. ఏ పనైనా నిబంధన లేకుండా జరిగిపోతుంటే చూసి తట్టుకోలేరు, అంతే.

వచ్చీరాగానే ఆయన 'పనిమనిషి' అనే మాటను నిషేధించారు. ఇకనుంచి అందరూ 'గృహ నిర్వహణ సహకార నిపుణురాలు' అనాలి. తర్వాత అవగాహన సదస్సు పెట్టారు. ఊళ్లో గిన్నెలు తోమే వేళ అయిన పొద్దున పది గంటలకు పెట్టడం వల్ల, దానికి రావడానికి మూడు వందల మంది నిపుణురాళ్లు తలా ఒక చుట్టాన్ని చంపి రావలసి వచ్చింది. నూకరత్నం మొగుడి మేనత్తకు అది నాలుగోసారి.

వేదిక మీద పురుషోత్తం గారు మైకు సర్దుకున్నారు. "సోదరీమణులారా! నాగా అనేది నేరభావనతో కూడిన పదం. సెలవు అనేది హక్కుతో కూడిన పదం. నేటి నుండి మీకు వారమునకు ఒక దినము వేతన సహిత విశ్రాంతి హక్కు సంక్రమించినది. ఇకపై మీరు అసత్యములు పలుకనక్కరలేదు. సత్యము పలికి, నిర్ణీత నమూనాలో దరఖాస్తు చేసుకొని, తలెత్తుకొని సెలవు పొందవచ్చును!"

ఆడవాళ్లంతా చప్పట్లు కొట్టారు. నూకరత్నం అందరికంటే గట్టిగా కొట్టింది. ఎందుకంటే ఆమెకు ఆ నెల పద్దెనిమిదో తారీకున, గురువారం, సెలవు కావాలి.

ఆమె కూతురు సత్యవేణి బస్సులో గంటన్నర దూరంలో ఉన్న ఊళ్లో నర్సింగు చదువుతోంది. ఆ కాలేజీలో చేరిన పిల్లలు తెల్లబట్టలు కట్టుకుని, చేత దీపం పట్టుకుని, రోగుల సేవ చేస్తామని ప్రమాణం చేసే కార్యక్రమం ఒకటి ఉంటుంది. పిల్ల చేతిలో దీపాన్ని తల్లి వచ్చి వెలిగించడం అక్కడి ఆనవాయితీ. సత్యవేణికి పదో తరగతిలో బహుమతి ఇచ్చిన రోజున నూకరత్నం వెళ్లలేదు. ప్రభావతి గారింట్లో చుట్టాలు దిగారు. కాలేజీలో చేర్పించిన రోజునా వెళ్లలేదు. తండ్రి లారీ మీద ఏ రాష్ట్రంలో ఉన్నాడో తెలియలేదు, పిన్ని వెళ్లి సంతకం పెట్టి వచ్చింది. ఈసారి మాత్రం ఆకాశం విరిగిపడినా వెళ్లాలని నూకరత్నం నిశ్చయించుకుంది. అబద్ధం చెప్పి వెళ్లాలని కూడా అనిపించలేదు. కూతురు నర్సు కాబోతుంటే ఒక ముసలావిడను చంపి వెళ్లడం ఏం శుభం?

మర్నాడు పనయ్యాక కార్యాలయానికి వెళ్లింది. అక్కడ సీనియర్ అసిస్టెంటు చక్రధరరావు ఆమెకు ఏడో నంబరు నమూనా ఇచ్చాడు. నూకరత్నం అయిదో తరగతి దాకా చదువుకుంది. నిదానంగా, గుండ్రంగా, పలక మీద దిద్దినట్టు రాస్తుంది. ఎనిమిది గళ్లు నింపింది. తొమ్మిదో గడి దగ్గర ఆగిపోయింది.

"బదులు పనిచేయు నిపుణురాలి పేరు, కార్డు నంబరు... ఇదేంటండి?"

"నువ్వు... అదే, మీరు లేనిరోజున మీ స్థానంలో ఎవరొచ్చి చేస్తారో ఆ గృహ నిర్వహణ సహకార నిపుణురాలి పేరు రాయాలమ్మా," అన్నాడు చక్రధరరావు ఊపిరి తీసుకుని. ఆ పదం పలికిన ప్రతిసారీ ఆయన ఊపిరి తీసుకోవాల్సి వచ్చేది.

"ఎవరూ రాపోతేనండి?"

"ఇల్లు ఆగిపోతుంది కదమ్మా."

"అడగొచ్చో అడక్కూడదో గాని, మీరు సెలవెడితే మీ బదులు ఎవరొత్తారండి?"

చక్రధరరావు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మా పని ఒకరోజు ఆగినా, నెల ఆగినా ఎవరికీ నష్టం లేదు. అందుకని మాకు బదులు అక్కర్లేదు. మీ పని ఒక్కపూట ఆగితే సంసారమే స్తంభించిపోతుంది. అంచేతే ఆ గడి. ప్రభుత్వం మీకిచ్చిన గుర్తింపమ్మా అది!"

గుర్తింపు అంటే ఇలా ఉంటుందన్నమాట అనుకుని, నూకరత్నం ఆ గడిలో మంగ పేరు రాసింది. మంగ ఆమె పక్కింట్లో ఉంటుంది, ఒక పళ్ల డాక్టరు గారింట్లో పనిచేస్తుంది. వరసకు మరదలు.

మూడోనాడు మంగ రొప్పుకుంటూ వచ్చింది. "వదినా, ఏంటిది? నీ బదులు నేనెల్లాలంటే మా డాక్టరు గారింటికి నేను సెలవెట్టాలంట. నేను సెలవెట్టాలంటే నా బదులు ఇంకోళ్లని సూపించాలంట!"

"మరి ఎవర్ని సూపించావే?"

"మా తోటికోడల్ని రాశాను. ఇప్పుడది నన్ను తిడతాంది. దానికీ ఓ కాయితం ఇచ్చారు."

మంగ తోటికోడలు ఒక ప్లీడరు గారింట్లో చేస్తుంది. ఆమె తన బదులు చింతలు పేరు రాసింది. చింతలు చేసేది సిమెంటు కొట్టు వారింట్లో. ఆమె ఇంకెవరి పేరో రాసింది. వారం తిరిగేసరికి కార్యాలయంలో ఏడో నంబరు నమూనాలు అయిపోయాయి, మళ్లీ అచ్చు వేయించారు. నూకరత్నానికి భయం పట్టుకుంది. దరఖాస్తు వెనక్కి తీసుకుని మేనత్తనే నమ్ముకుందామని కార్యాలయానికి వెళ్లింది.

అక్కడ గోడకు ఊరి పటం తగిలించి ఉంది. దాని నిండా గుండుసూదులు, సూదినుంచి సూదికి ఎర్రదారం. పురుషోత్తం గారు బెత్తం పట్టుకుని పటం ముందు నిలబడ్డారు. నూకరత్నాన్ని చూడగానే ఆయన ముఖం వెలిగిపోయింది.

"రండి, రండి! మూలబిందువు వచ్చినది!" అన్నారాయన. "చక్రధరరావూ, వీరే కదా మూలబిందువు?"

"వీరేనండి. నలభై మూడు ఇళ్ల దాకా వచ్చామండి."

"అయ్యా, నేనొద్దనుకుంటన్నానండి. కాయితం ఎనక్కిచ్చేయండి. నా మూలాన ఇంతమందికి..."

"ఉపసంహరణా?" పురుషోత్తం గారు బెత్తం కింద పెట్టేశారు. "అమ్మా, మీరు హక్కును ఉపసంహరించుకొనరాదు. మీ ఒక్క సెలవు కొరకు నేడు నలభై మూడు గృహములు కదులుచున్నవి. దీనికి 'బదులు గొలుసు' అని నామకరణము చేసి రాజధానికి వ్రాసినాము. వారు మిక్కిలి ముచ్చటపడినారు. పైగా మంజూరు ప్రక్రియలో నున్న తేదీన అనుమతి లేని గైర్హాజరు సంభవించినచో మీ కార్డే కాదు, గొలుసులోని అందరి కార్డులును రద్దగును."

అంటే మేనత్తను చంపే దారి కూడా మూసుకుపోయింది. ఆవిడకు ఎవరూ చెప్పకపోయినా, ఆ పూట నుంచి ఆవిడ ఆయుష్షుకు ప్రభుత్వ రక్షణ దొరికింది.

తర్వాత అప్పగింతలు మొదలయ్యాయి. పద్దెనిమిదిన ఎవరి ఇంటికి ఎవరు వెళుతున్నారో వాళ్లకు ఆ ఇంటి పని రాతపూర్వకంగా అప్పగించాలని కొత్త నిబంధన వచ్చింది. నూకరత్నం మంగను పక్కన కూర్చోబెట్టుకుని చెబుతుంటే చక్రధరరావు టైపు చేశాడు. నమూనాలో దానికి రెండు గీతలు ఇచ్చారు.

"పాలగిన్నె ఏరేగా ఉంటాది, దాంట్లో ఇంకేదీ కాయకూడదు. అయ్యగారి బీపీ మాత్ర అమ్మగారు మర్చిపోతారు, నువ్వు నీళ్లగ్లాసు పక్కనెట్టి ఊరుకోవాలి, ఏసుకోమని సెప్పకూడదు, సెబితే ఏసుకోరు. దేవుడి గదిలో పీట జరిపి తుడవాలి, జరిపినట్టు తెలీకూడదు. పెద్ద కోడలుగారు ఫోను చేసిన రోజున అమ్మగారు కూర్లో ఉప్పు రెండుసార్లేత్తారు, సూసుకుని కడగాలి. వంటింటి గట్టు మూల పగిలింది, అక్కడ గుడ్డ గట్టిగా రుద్దితే సెయ్యి కోసుకుంటాది. కింద వాటా వాళ్లు మోటారెయ్యకముందే నీళ్లు పట్టేసుకోవాలి..."

చక్రధరరావు తొమ్మిదో పేజీలో టైపు ఆపి వేళ్లు విరుచుకున్నాడు. "ఇంకా ఉందా అమ్మా?"

"ఇప్పటికి పొద్దున్నపూటే అయిందండి."

ఆ కాగితాల నకలు ఒకటి నిబంధన ప్రకారం ప్రభావతి గారికి వెళ్లింది. ఆవిడ సోఫాలో కూర్చుని మొదటి పేజీ చదివింది, తర్వాత రెండోసారి చదివింది. ఉప్పు సంగతి దగ్గర కాస్త ఎర్రబడింది. మళ్లీ వెనక్కి వెళ్లి మాత్ర సంగతి చదివి, కాగితం ఒళ్లో పెట్టేసుకుంది. "నూకరత్నం, ఇన్నాళ్లూ మాత్ర నేనే ఇస్తున్నాననుకున్నానే," అంది సాయంత్రం. నూకరత్నం చీపురు తిరగేసి తట్టింది.

గొలుసు అరవై ఇళ్లకు పాకింది. ఇక దాన్ని ఎక్కడో ఒకచోట ముగించాలి. ముగించడానికి ఒకటే దారి, చివరి బదులు మనిషికి ఆ రోజు వేరే పని ఉండకూడదు. దానికి పధ్నాలుగో నిబంధన ఉంది. 'సదరు దినమున అన్యత్ర పనిలేని, ఆరోగ్యవంతమైన, వయోజన వ్యక్తి ఎవరినైనను అంతిమ బదులుగా నియమింపవచ్చును.' చక్రధరరావు ఊరంతా గాలించాడు. పనిలేని నిపుణురాలు ఒక్కతె కూడా దొరకలేదు. అందరికీ ఎక్కడో ఒకచోట గిన్నెలున్నాయి.

ఇంతలో అరవై ఒకటో సూది గుచ్చారు. ఆ సూదికి వచ్చిన పేరు బుల్లెమ్మ. బుల్లెమ్మ పనిచేసేది జాయింట్ డైరెక్టర్ పురుషోత్తం గారి ఇంట్లోనే. అంటే ఇప్పుడు బదులు కావలసింది సాక్షాత్తూ ఆయన వంటింటికి.

చక్రధరరావు జాగ్రత్తపరుడు. జనాభా లెక్కల్లో చూస్తే జాయింట్ డైరెక్టరు గారి భార్య రాజేశ్వరి గారి పేరుకు ఎదురుగా 'గృహిణి, పని లేదు' అని ఉంది. ఇంకేం, అంతిమ బదులు ఇంట్లోనే దొరికిందని ఫైలు రాసి పెట్టాడు. పురుషోత్తం గారు ఆ ఫైలును ఇంటికి పట్టుకెళ్లారు. మర్నాడు అది తిరిగి వచ్చింది. మీద వణుకుతున్న అక్షరాలతో 'గృహిణికి పని కలదని విశ్వసనీయముగా తెలియవచ్చినది' అని రాసి ఉంది.

ఇక మిగిలింది రిజిస్టరు మొత్తం మళ్లీ మొదటినుంచి చూడటమే. చక్రధరరావు చూశాడు. పద్దెనిమిదో తారీకున ఊళ్లో ఏ పనీ లేని కార్డుదారు ఒక్కతె కనిపించింది. ఆయన సంతోషం పట్టలేక కుర్చీలోంచి లేచిపోయాడు.

పదహారో తారీకు మధ్యాహ్నం నూకరత్నానికి కబురు వచ్చింది. పురుషోత్తం గారు స్వయంగా లేచి నిలబడి ఆమె చేతికి ఉత్తర్వు ఇచ్చారు. "అభినందనలు. మీ సెలవు మంజూరైనది. రాష్ట్రమున మొట్టమొదటి సెలవు!"

నూకరత్నం రెండు చేతులా పుచ్చుకుని కళ్లకద్దుకుంది. తర్వాత చదివింది. మొదటి పేరాలో సెలవు మంజూరు. రెండో పేరాలో, సెలవులో ఉన్నందున దరఖాస్తుదారుకు ఆ రోజు పని లేదని ధ్రువీకరణ. మూడో పేరాలో, పని లేనందున ఆమెను పధ్నాలుగో నిబంధన కింద అంతిమ బదులుగా నియమించడమైనది, ఉదయం ఆరు గంటలకు జాయింట్ డైరెక్టరు గారి నివాసంలో హాజరు కావలెను.

ఆమె మూడుసార్లు చదివింది. చదివిన ప్రతిసారీ అదే ఉంది.

"అయ్యా... నేను సెలవెట్టింది నా పిల్ల దగ్గరికి ఎల్లడానికండి."

"అదియును పరిశీలించినాము," అన్నారు పురుషోత్తం గారు చల్లగా. "మీ కారణము అత్యంత సమంజసమైనది. కావున అచటికి కూడ బదులు ఏర్పాటు చేయుచున్నాము. చక్రధరరావూ!"

చక్రధరరావు ఇంకో కాగితం తీశాడు. ఈసారి ఆయన గొంతు కూడా తగ్గింది. "ఏడు-బి నమూనా. బదులు తల్లి. చింతలుకు ఆ కాలేజీ ఊళ్లోనే ఒక అక్క ఉందమ్మా, పిల్లలు లేరు, మంచి మనిషి. మీ అమ్మాయి దీపం ఆవిడ వెలిగిస్తుంది. అప్పగింత పత్రంలో అమ్మాయి గురించి రెండు మాటలు చెబితే..."

నూకరత్నానికి ఒళ్లు మండిపోయింది. పదకొండేళ్లుగా ఎవరిమీదా గొంతు లేపని మనిషి, ఆ పూటా లేపలేదు. కాగితం మడిచి రవికలో దోపుకుని, "రెండు మాటల్లో అయ్యేది కాదండి," అని చెప్పి బయటికి వచ్చేసింది. మెట్ల మీద కూర్చుంటే అప్పుడు ఏడుపొచ్చింది.

సాయంత్రం కూతురికి ఫోను చేసింది. ఉత్తర్వు సంగతి చెప్పింది.

"రాపోతే రాపోయావులే అమ్మా," అంది సత్యవేణి. "పిన్నిని రమ్మంటాను. అలవాటేగా."

ఆ 'అలవాటేగా' అన్నమాట నూకరత్నం గుండెలో ముల్లులా దిగింది. పిల్ల కోప్పడినా బాగుండేది. ఫోను పెట్టేసి, ఉత్తర్వు తీసి మళ్లీ చదువుకుంది. ఈసారి ఏడవకుండా, అప్పగింత పత్రం చెప్పినంత శ్రద్ధగా, ఒక్కొక్క మాటా చూసుకుంటూ చదివింది. పధ్నాలుగో నిబంధన దగ్గర వేలు పెట్టి ఆగింది. మర్నాడు కార్యాలయానికి వెళ్లి, బదులు తల్లి అక్కర్లేదని చెప్పి, ఇంకో ఏడో నంబరు నమూనా అడిగి తెచ్చుకుంది. కార్యాలయం గుమ్మానికి కట్టిన బ్యానరు కూడా చదివింది. గొలుసు విజయానికి గుర్తుగా పద్దెనిమిదిన కార్యాలయానికి సెలవు అని దాని మీద రాసి ఉంది.

పద్దెనిమిది గురువారం పొద్దున ఆరింటికి నూకరత్నం పట్టుచీర కట్టుకుని జాయింట్ డైరెక్టరు గారి గుమ్మంలో నిలబడింది. పురుషోత్తం గారు లుంగీతో వరండాలో పేపరు చదువుకుంటున్నారు. లోపల రాజేశ్వరి గారు పొయ్యి మీద సాంబారు పెట్టి, ఇంకోపక్క ఇడ్లీపిండి కలుపుతోంది. సింకు నిండా రాత్రి అంట్లున్నాయి.

"వచ్చితిరా! సమయపాలన అద్భుతము," అన్నారు పురుషోత్తం గారు.

నూకరత్నం చీపురు అడగలేదు. కాగితం చాచింది.

"ఏమిది?"

"సెలవు కాయితమండి."

"సెలవు మంజూరైనది కదా!"

"అది ప్రభావతి గారింటికండి. ఈవేళ నేను మీ ఇంటి పనిలో ఉన్నాను గదండి. మీ ఇంటి పనికి సెలవు కావాలండి."

పురుషోత్తం గారు నవ్వబోయి, కాగితం మీద ముద్ర చూసి మానేశారు. అది అసలైన ఏడో నంబరు నమూనా. ఎనిమిది గళ్లూ తప్పు లేకుండా నింపి ఉన్నాయి. తొమ్మిదో గడిలో గుండ్రటి అక్షరాలతో ఇలా ఉంది. 'శ్రీ పురుషోత్తం గారు, జాయింట్ డైరెక్టరు. ఈరోజు వేరే పని: లేదు. ఆఫీసుకి సెలవు.'

"నేనా!"

"పధ్నాలుగో నిబంధనండి. ఈరోజు పనిలేని, ఒళ్లు బాగున్న పెద్దోళ్లు ఎవరైనా అని మీరే రాశారండి."

"అది స్త్రీలను ఉద్దేశించి..." అని ఆయన లోపలికి పరిగెత్తి నిబంధనల పుస్తకం తెచ్చారు. పేజీలు తిప్పారు. రాజేశ్వరి గారు పిండి చేత్తోనే వచ్చి భుజం మీదుగా చూసింది.

"'వ్యక్తి' అని ఉందండీ," అంది.

"ఆరోగ్యవంతమైన అని కూడ..."

"మొన్న డాక్టరు గారు మీకు బీపీ లేదు, షుగరు లేదు, కాస్త ఒళ్లొంచి పనిచేస్తే ఇంకా మంచిదన్నారుగా."

"రాజేశ్వరీ, నీవు చేయరాదా ఈ ఒక్కరోజు..."

"నాకు పని కలదని మీరే విశ్వసనీయంగా తెలుసుకున్నారు," అని ఆవిడ పొయ్యి దగ్గరకు వెళ్లిపోయింది.

పురుషోత్తం గారు గుమ్మంలో నిలబడిన నూకరత్నం వంక చూశారు. సంతకం పెట్టకపోయినా ఆమె ఆగేలా లేదు, అనుమతి లేకుండా వెళ్లిపోతే ఆయన నిబంధన ప్రకారమే కార్డులన్నీ రద్దయి గొలుసు తెగుతుంది. గొలుసు తెగితే మంగ డాక్టరు గారింటికి తిరిగి వెళ్లాలి, మంగ వెళితే ఆమె తోటికోడలు ప్లీడరు గారింటికి, ఇలా అరవై ఒక్కమందీ వెనక్కి. అప్పటికే వాళ్లంతా కొత్త ఇళ్లలో కొత్త చీపుళ్లు పట్టుకుని ఉన్నారు. గొలుసు దిగ్విజయంగా ముగిసిందని ఆయన నిన్న సాయంత్రమే రాజధానికి నివేదిక కూడా పంపేశారు.

"అయ్యగారూ, ఏడుంబావుకి బస్సండి," అంది నూకరత్నం. "ఇది తప్పితే నా పిల్ల దీపం ఇంకోళ్లు ఎలిగిత్తారండి. ఇది మళ్లీ రాదండి."

ఆ మాట విన్నాకో, నివేదిక గుర్తొచ్చో చెప్పలేం, పురుషోత్తం గారు పేపరు పక్కన పెట్టి సంతకం చేశారు. నూకరత్నం ఆయనకు దండం పెట్టి, వెళ్లబోయి, మళ్లీ ఆగింది.

"అప్పగింత చెప్పి ఎల్లాలి గదండి. మాడిన గిన్నెలో ముందు నీళ్లు పోసి ఉంచండి. ఇప్పుడే రుద్దితే రాదు."

పదింటికి కాలేజీ హాల్లో సత్యవేణి తెల్లబట్టల్లో వరుసలో నిలబడి ఉంది. వాళ్ల పిన్ని కోసం గుమ్మం వైపు చూస్తోంది. గుమ్మంలో పట్టుచీర కనిపించింది. బస్సులో నిలబడి వచ్చిన చీర, కుచ్చిళ్లు నలిగిపోయి ఉన్నాయి. సత్యవేణి వరుస తప్పి ఒక అడుగు ముందుకు వేసింది, పక్కన పిల్ల కొంగు పట్టి లాగింది. నూకరత్నం అగ్గిపుల్ల గీస్తే మొదటిది ఆరిపోయింది, రెండోదీ ఆరిపోయింది.

"నిదానంగా గియ్యమ్మా, నేనిక్కడే ఉన్నానుగా," అంది సత్యవేణి. మూడోదానికి దీపం వెలిగింది. పిల్ల ప్రమాణం చదువుతుంటే నూకరత్నానికి ఒక్క మాటా వినబడలేదు. దీపం వెలుగులో కూతురి ముఖం ఎంత బాగుందో, అదొక్కటే చూసింది. కడుపు నిండా ఏడ్చింది, హాయిగా ఉంది.

ఊళ్లో ఆ రోజు అరవై ఇళ్లలో చక్కెర డబ్బా దొరకలేదు. ప్లీడరు గారి కుక్క ఒకరిని తరిమింది. సిమెంటు కొట్టు వారు తమ అమ్మాయికి జడ వెయ్యడం కూడా ఇంతకాలం చింతలే చేసేదని ఆ రోజే కనుక్కున్నారు. ప్రభావతి గారు మాత్రం అప్పగింత పత్రం ముందు పెట్టుకుని, నీళ్లగ్లాసు పక్కన తనే మాత్ర పెట్టి, ఏమీ అనకుండా ఊరుకుంది. అయ్యగారు వేసుకున్నారు.

పురుషోత్తం గారి ఇంట్లో ఏం జరిగిందో బయటికి పూర్తిగా తెలియలేదు. గిన్నెల చప్పుడు మాత్రం రెండు గంటల నలభై నిమిషాలపాటు వినిపించిందని ఎదురింటివాళ్లు చెప్పారు.

శుక్రవారం పనయ్యాక నూకరత్నం కార్యాలయానికి వెళ్లింది. సెలవు వాడుకున్నవాళ్లు, దాన్ని సెలవుకే వాడుకున్నామని ధ్రువపత్రం ఇవ్వాలట. జాయింట్ డైరెక్టరు గారి గది తాళం వేసి ఉంది.

"సారు రాలేదాండి?"

"కాంపెన్సేటరీ లీవమ్మా," అన్నాడు చక్రధరరావు. "నిన్న సెలవురోజున పనిచేశారు కదా, దానికి బదులు ఈరోజు సెలవు. పొద్దున ఫోను చేసి చెప్పారు, అరగంటలో మంజూరు చేసేశాం." ఆయన ఆ కాగితం చూపించాడు. అరచెయ్యంత ఉంది, రెండే గీతలు. నూకరత్నం అటూ ఇటూ తిప్పి చూసింది. దాని మీద గళ్లే లేవు.

"నాకో ఏడో నంబరు ఇవ్వండి," అంది.

"మళ్లీనా! ఎప్పటికమ్మా?"

"ఎల్లుండి ఆదోరానికండి. వారానికోటి అన్నారు గదండి."

ఆమె నిలబడే ఎనిమిది గళ్లు నింపింది. తొమ్మిదో గడిలో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక గీత గీసి, కాగితం ఆయన ముందు పెట్టింది. వెనక బెంచీ మీద ధ్రువపత్రాలు ఇవ్వడానికి వచ్చిన మంగ, చింతలు, బుల్లెమ్మ, ఇంకో పాతిక మంది మెడలు చాచి చూశారు. ఒక్కొక్కరే లేచి వచ్చి బల్ల మీద కలం కోసం చెయ్యి చాచారు.

చక్రధరరావుకు చెమట పట్టింది. "ఇలా కుదరదమ్మా నూకరత్నం గారూ," అన్నాడు. కంగారులో నిపుణురాలు అనడం కూడా మర్చిపోయాడు. "బదులు లేకపోతే ఇల్లు ఆగిపోతుంది!"

"ఆగనీయండి," అంది నూకరత్నం. "ఆగితేనే గదండి, ఇన్నాళ్లూ నడిపిందెవరో తెలిసేది."